కళ్ళకు కట్టినట్టు

టీవీతో మన ఆడవాళ్ళకుండే సంబంధం అత్తగారితో ఉండే సంబంధం లాంటిదని నాకు చాలాకాలంగా ఒక అనుమానం. ఎదురుగా ఉన్నంతసేపూ విసుక్కుంటాం. ఆ గొంతు కాసేపు ఆగితే బావుండుననుకుంటాం. తీరా నాలుగు రోజులు మూగబోతే, "ఇల్లంతా బోసిపోయిందండీ" అని పక్కింటావిడతో చెప్పుకుంటాం. మా అత్తగారు వారపత్రికలు చదవరు కనక ధైర్యంగా రాసేస్తున్నాను. చదివినా ఫరవాలేదు లెండి. ఆవిడకీ ఒక అత్తగారుండేవారు.

నా మటుకు నాకు టీవీ అంటే కొంచెం బెరుకు కూడా. నవలలు రాసేదాన్ని. పూర్వం రచయిత్రి కనబడితే "ఇప్పుడేం రాస్తున్నారండీ?" అని అడిగేవారట. ఇప్పుడు "మీది సీరియల్‌గా ఎప్పుడొస్తుందండీ?" అంటున్నారు. ఒకసారి ఎవరో నిర్మాత తరఫు అబ్బాయి ఫోన్ చేసి, మీ నవలలో అత్తగారు మరీ తొందరగా మంచిదైపోయింది మేడమ్, ఆ మంచితనాన్ని ఓ మూడొందల ఎపిసోడ్ల దాకా వాయిదా వెయ్యగలరా అని అడిగాడు. వెయ్యలేనన్నాను. బి.ఏ.లో చరిత్ర, తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని, వాయిదాలు వెయ్యడం మా పాఠాల్లో లేదు. ఆ సంగతి అక్కడితో సరి.

అలాంటి నేను కిందటి చలికాలంలో ఒక రోజు పొద్దుట్నుంచి రాత్రి దాకా టీవీ ముందు కూర్చోవలసి వచ్చింది. చూడడానికి కాదు, చెప్పడానికి.

అమ్మ నల్లగొండలో ఉంటుంది. నాన్న 2019లో పోయారు. అప్పట్నుంచీ ఒక్కతే. నా కాపురం మహబూబ్‌నగర్‌లో, తమ్ముడి ఉద్యోగం హైదరాబాదులో. 2018లో కంటి వెలుగు శిబిరంలో ఇచ్చిన కళ్ళద్దాలతో ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది గానీ, శుక్లాలు ముదిరాక అద్దాలేం చేస్తాయి? ముందు కుడి కంటికి ఆపరేషన్ చేయించాం. మర్నాడంతా కట్టు తియ్యొద్దు, ఎల్లుండి పొద్దున తీసుకురండి అన్నారు డాక్టరుగారు. ఎడమ కంటితో చూద్దామంటే, దానికి ఎదురుగా ఉన్నది మనిషో తలుపో తెలియని పరిస్థితి. అంటే ఒక పూర్తి పగలూ, ఒక పూర్తి రాత్రీ అమ్మ లోకానికీ అమ్మకీ మధ్య ఉన్నది నేనొక్కదాన్నే అన్నమాట.

పొద్దున ఆరింటికి చాయ్ తాగి, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని, "టీవీ పెట్టు" అంది.

"చూడొద్దన్నారు కదమ్మా."

"నేను చూస్తనంటినా? నువ్వు చూడు, నాకు చెప్పు."

సరే, ఇదేం బ్రహ్మవిద్య అనుకున్నాను. చేతికి దొరికిన చానెల్ పెట్టాను. ఏదో సీరియల్, ముందు రోజు రాత్రిది మళ్ళీ వేస్తున్నారు. డమడమమంటూ చప్పుడు.

"ఏమైతుంది?"

"ఒకావిడ చూస్తోందమ్మా."

"ఎవర్ని?"

"ఇంకొకావిడని. ఇప్పుడు ఆవిడ ఈవిడని చూస్తోంది."

"మాట్లాడ్తలేరా?"

"లేదు. ఇప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ ఒకాయన ఇద్దర్నీ చూస్తున్నాడు. మళ్ళీ మొదటావిడ."

అమ్మ ఓపికగా ఆగింది. ఉరుముల చప్పుడు మూడుసార్లు వచ్చింది. "ఇప్పుడేమైంది?"

"ప్రకటనలు."

"బిడ్డా, నువ్వు నవలలు ఎట్ల రాస్తవే?" అంది అమ్మ. "యాదగిరి పెట్టు."

యాదగిరి అంటే దూరదర్శన్ తెలంగాణ చానెల్. మన రెండు రాష్ట్రాలూ విడిపోయాక, 2014లో, సప్తగిరి పేరు ఆంధ్రప్రదేశ్‌కి ఉండిపోయి, మనకీ పేరు వచ్చింది. యాదగిరిగుట్ట అప్పటికి నల్లగొండ జిల్లాలోనే ఉంది. 2016లో జిల్లాల్ని విడగొట్టినప్పుడు గుట్ట యాదాద్రి భువనగిరికి వెళ్ళిపోయింది. అయినా అమ్మ లెక్కలో అది మా జిల్లా దేవుడి పేరు పెట్టుకున్న మా జిల్లా టీవీయే. గుట్ట నరసింహస్వామిని జిల్లా సరిహద్దుకి ఇవతల పెట్టాలా అవతల పెట్టాలా అన్నది కలెక్టర్ల గొడవట.

మా తమ్ముడు అమ్మకి నెలనెలా డబ్బు కట్టే కనెక్షన్ పెట్టిస్తానని ఎన్నోసార్లు అన్నాడు. ఆవిడ వద్దంది. డాబా మీద దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్ గొడుగు ఒకటుంది. 2004లో మొదలైన ఏర్పాటు అది. గొడుగూ పెట్టే ఒకసారి కొనుక్కుంటే చాలు, నెల బాడుగ లేదు. "నీళ్ళకు బిల్లు, కరెంటుకు బిల్లు, పలకరిస్తే కూడ బిల్లా?" అంటుంది. పలకరించడం అని ఎందుకంటుందో ఆ రోజు సాయంత్రానికి గానీ నాకు అర్థం కాలేదు.

ముందు దేవుడి పాటలు. తర్వాత వీణ కచేరీ. వీణకి చెప్పేదేముంది, ఆవిడ వేళ్ళు మెట్ల మీద నడుస్తున్నాయని చెప్పాను. "అది నాకు ఇనబడుతుంది. చీర ఏం చీరనో చెప్పు" అంది. గద్వాల చీర అనుకుంటానన్నాను. "అనుకునుడేంది? అంచు దగ్గర అతుకు కనబడుతుందా? ఒళ్ళంతా నూలుండి అంచూ కొంగూ పట్టుంటే గద్వాల." గద్వాల అమ్మ పుట్టింటి జిల్లాలోది, నాకు చెప్పే హక్కుంది ఆవిడకి. రాగం పేరు అనౌన్సరమ్మ ముందే చెప్పింది, అయిపోయాక మళ్ళీ చెప్పింది. మృదంగం ఎవరో, ఘటం ఎవరో కూడా రెండుసార్లు చెప్పింది.

అక్కడే నాకొకటి తట్టింది. ఈ చానెల్‌లో ఉన్నవాళ్ళు అన్నీ నోటితో చెబుతారు. ఇప్పుడు మీరు చూడబోయేది ఇదీ అంటారు, ఇంతవరకూ మీరు చూసినది ఇదీ అంటారు. పిల్లలు దీన్నే చాదస్తం అని నవ్వుతారు. రేడియో నుంచి వచ్చిన పద్ధతి అది. ఎదుటివాళ్ళకి కనబడదు, చెబితేనే తెలుస్తుంది అనే మర్యాద. ఆ మర్యాద వల్ల పది గంటలకల్లా నా పని సగానికి సగం తగ్గిపోయింది. మోకాళ్ళ నొప్పుల మీద డాక్టరుగారు ఫోన్లో జవాబులు చెబుతుంటే నాకసలు పనే లేదు. నేను కూరగాయలు తరుగుతూ కూర్చున్నాను. అచ్చంపేట నుంచి ఎవరో పెద్దావిడ మాట్లాడితే, "పాపం, అటుదిక్కు కొండలు ఎక్కి దిగాలె. మోకాళ్ళు నొయ్యక ఏం జేస్తయి?" అని అమ్మ డాక్టరుగారి కంటే ముందే నిర్ణయించింది. ఊరి పేరు వినగానే ఆ ఊరి దారి కూడా కళ్ళ ముందు కనబడే మనుషులు వీళ్ళు. మనకి పేర్లు వినబడతాయి, అంతే.

దూరదర్శన్‌ని వెనకేసుకు రావడానికి నేనేం వాళ్ళ ఆస్థాన రచయిత్రిని కాను. పదకొండింటికి ఏదో చర్చ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు, మధ్యలో గుండ్రటి బల్ల, బల్ల మీద ప్లాస్టిక్ పూలు. ముగ్గురూ ఒకరితో ఒకరు ఎంత గౌరవంగా ఏకీభవించారంటే నాకు కునుకు పట్టేసింది. మంత్రులు రిబ్బన్లు కత్తిరించడం ఏ పార్టీ రాజ్యంలోనైనా ఆ కత్తెర పదును మీద అనుమానం వచ్చేంతసేపు చూపిస్తారు. ప్రభుత్వం సొమ్ముతో నడిచేది ప్రభుత్వాన్ని ఎంతవరకూ ప్రశ్నిస్తుంది? అది అమ్మకీ తెలుసు. "గది వచ్చినప్పుడు నేను బట్టలు మడతపెట్టుకుంట" అంది.

మధ్యాహ్నం తమ్ముడి ఫోన్.

"అక్కా, అమ్మ ఎట్లుంది? నేను చెప్పిన విషయం ఎత్తినవా?"

విషయం ఏమిటంటే, రెండో కంటి ఆపరేషన్ హైదరాబాదులో చేయించి, ఆపైన అమ్మని అక్కడే ఉంచేద్దామని వాడి ఆలోచన. నల్లగొండ ఇల్లు అద్దెకిచ్చేద్దాం, లేకపోతే అమ్మేద్దాం. వాడు చెడ్డవాడు కాదు. అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె గుభేలుమంటోంది అక్కా అంటాడు. అది నాకూ నిజమే. మా మరదలు కూడా మంచి పిల్లే. గోడంత టీవీ, పడుకునే గదికి ఏసీ, అన్నీ అమర్చి పెట్టింది. ఇంకా ఎత్తలేదురా, కట్టు విప్పనీ అన్నాను.

ఫోన్ పెట్టేశాక అమ్మ అంది: "వాని టీవీల ఏది ఎక్కడుందో దొరకదు. మొన్న పోయినప్పుడు పిల్లగాడు ఇంటర్నెట్‌ల ఏదో పెట్టిచ్చి బడికి పోయిండు. సాయంత్రం దాక ఎవరో వంట చేస్తనే ఉన్నరు, ఏ ఊరోళ్ళో తెల్వదు."

అన్నం తిని, కంట్లో కాకుండా చెయ్యి మీద పడ్డ చుక్కల మందు తుడుచుకుంటూ, అమ్మ ఒక సంగతి చెప్పింది. ముక్కలు ముక్కలుగా నేను చిన్నప్పట్నుంచీ విన్నదే, కానీ ఆ రోజు మొదట్నుంచీ చివరిదాకా చెప్పింది.

అమ్మ పుట్టిల్లు మహబూబ్‌నగర్ జిల్లాలో, వనపర్తి దాపుల ఒక పల్లె. 1975లో అమ్మకి పద్ధెనిమిదేళ్ళు. ఆ ఏడు ఆగస్టు 1న దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి ఒకేసారి టీవీ వచ్చింది. 'సైట్' ప్రయోగం అంటారు దాన్ని. విక్రమ్ సారాభాయ్ కన్న కల. ఆయన 1971లోనే పోయారు, చూడలేదు పాపం. మన రాష్ట్రంలో మహబూబ్‌నగర్, మెదక్, కర్నూలు, హైదరాబాద్ జిల్లాల పల్లెల్ని ఎంచుకున్నారు. ఢిల్లీ, బొంబాయి లాంటి నాలుగైదు నగరాల వాళ్ళకి తప్ప టీవీ అంటే ఏమిటో తెలియని రోజులవి. హైదరాబాదు నగరంలో లక్షాధికారులకి లేని టీవీ పాలమూరు పల్లెలో కూలివాళ్ళకి వచ్చిందన్నమాట. వలస కూలీల జిల్లా అని, కరువు జిల్లా అని పేరు పడ్డ పాలమూరు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అందరికంటే ముందు నిలబడింది. ఈ మాట మా జిల్లాలో కూడా ఎంతమందికి గుర్తుందో నాకు అనుమానమే.

ఉపగ్రహం అమెరికా వాళ్ళది, ఏటీఎస్-6. ఆఫ్రికా ఖండం పైన ఆకాశంలో నిలబెట్టారు. కార్యక్రమాలు తయారుచేసే కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి. సెట్లు చేసింది మన ఈసీఐఎల్ వాళ్ళు. బడి ముందర పదడుగుల గొడుగు.

"కోళ్ళ గూటికి కొడతరు చూడు, జాలి, దానితోని చేసిండ్రు" అంది అమ్మ. "మా తాత అన్నడు, దీంట్ల కోడిపిల్లనే ఆగదు, అమెరికా నుంచి వచ్చే బొమ్మ ఆగుతదా అని."

ఆగింది. పొద్దున గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు ఊరివాళ్ళకి. వ్యవసాయం, ఆరోగ్యం, పాటలు, ఆటలు, ఢిల్లీ నుంచి హిందీలో కాసేపు. ఆ ఉపగ్రహం ఒకే బొమ్మకి రెండు భాషల్లో మాట పంపగలిగేదట. బొమ్మలో మనిషి నోరు ఒకటే, కృష్ణకి ఈవల పల్లెలో తెలుగు, రాయచూరు పల్లెలో కన్నడం. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక గోడ పక్కన. అమ్మని వాళ్ళ నానమ్మ వెంటపెట్టుకుని వెళ్ళేది. పదో తరగతితో చదువు మానిపించి ఇంట్లో కూర్చోబెట్టిన పిల్ల, చీకటి పడ్డాక గడప దాటి ఊరందరి మధ్య కూర్చునే వీలు ఆ ఏడాదే దొరికింది. అమ్మ ఈ ముక్క మామూలుగా చెప్పి ముందుకెళ్ళిపోయింది. నేనే ఆగిపోయాను. గొడుగు కథ ఎన్నిసార్లో విన్నాను గానీ, గడప సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

చరిత్ర చదువుకున్న బుర్ర కదా, నాకు ఇంకోటి కూడా తోచింది. పల్లెలకి టీవీ వచ్చిన ఏడు, దేశంలో ఎమర్జెన్సీ పెట్టిన ఏడు ఒకటే. పత్రికల నోటికి తాళం వేసిన చేతులే బడి ముందు జాలి గొడుగు ఎత్తాయి. ఆ మాట అంటే అమ్మ, "ఉండొచ్చు. మాకు మాత్రం ఓఆర్ఎస్ నీళ్ళ లెక్క ఏదో ఉప్పు, చక్కెర కలిపి తాపుడు చూపించిండ్రు, పిల్లలకు వాంతులైతే. మా చిన్నమ్మ కొడుకు దాంతోనే బతికిండు" అంది. రెండూ నిజమే మరి. ఏది ఎక్కువ నిజం అంటే నేనేం చెప్పను?

"అరువు సొమ్ములు బరువు చేటు" అని సామెత. ఉపగ్రహాన్ని ఇచ్చింది ఏడాదికే. 1976 జులై 31తో అయిపోయింది. తిరిగి తమ వైపుకి జరుపుకున్నారు వాళ్ళు.

"ఆగస్టు ఒకటో తారీఖున గూడ పోయినం" అంది అమ్మ. "అలవాటు గదా. హెడ్మాస్టరు సారు పెట్టె తాళం తీసి మీట వేసిండు. తెల్లటి చుక్కలు. వాన పడ్డట్టు చప్పుడు. సారు ఏం అనలె, మేం ఏం అనలె. గంటసేపు కూసోని లేచినం."

ప్రయోగం విజయవంతమైందని తరవాత పుస్తకాలు వచ్చాయి. ప్రయోగశాలలో కుందేలుకి రిపోర్టు చదివి వినిపించరు కదా.

నిజం చెప్పాలంటే, ఆ ప్రయోగం చేసిన పల్లెల కోసమే కొన్ని చోట్ల కొత్త కేంద్రాలు పెట్టారు. గుల్బర్గా, రాయపూర్, సంబల్‌పూర్ లాంటి వాటితోపాటు హైదరాబాదు ఒకటి. 1977 అక్టోబర్ 23న రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డిగారు ప్రారంభించారు. రామంతాపూర్‌లో ఇవాళ ఉన్న కేంద్రానికి పాలమూరు, మెదక్ పల్లెల జాలి గొడుగులే పునాది అని నేనంటాను. కానీ ఆ స్తంభం నుంచి వెలువడే బొమ్మ నూటయాభై కిలోమీటర్ల దూరాన ఉన్న వనపర్తి దాకా ఎక్కడ పోతుంది? టీవీ నగరానికి వచ్చింది, ఏ ఊళ్ళో ముందు కూర్చున్నారో ఆ ఊరికి లేకుండా పోయింది. అదే ఏడు అమ్మకి పెళ్ళయింది. నల్లగొండ వచ్చింది.

మా ఇంట్లో టీవీ 1987లో, రామాయణం కోసం కొన్నారు. ఈసీ టీవీయే. నాన్న డాబా మీద ఏరియల్ తిప్పడం, నేను మెట్ల మీద నిలబడి "వచ్చింది, పోయింది" అని అరవడం, ఇవన్నీ మీ ఇంట్లోనూ జరిగినవే కనక మళ్ళీ చెప్పను. 'అంతరాయానికి చింతిస్తున్నాము' అన్న అక్షరాలు చూసే నేను 'చింత'కి చెట్టు కాకుండా ఇంకో అర్థం ఉందని నేర్చుకున్నాను.

మూడింటికి ఒగ్గు కథ మొదలైంది. నేను ఉత్సాహంగా సర్దుకుని కూర్చున్నాను. ఇదైతే వర్ణించదగ్గ విషయం. "అమ్మా, మధ్యలో ఒకాయన, కాళ్ళకి గజ్జెలు..."

"నువ్వు ఊకో" అంది అమ్మ. "డోలు మీద కుడి చేతి పుల్ల ఇనబడుతుందా? ఇప్పుడు మల్లన్న బయలెల్లుతుండు. పక్కకున్నాయన కొంగు కప్పుకుంటడు చూడు, ఆడమనిషి లెక్క."

చూశాను. సరిగ్గా అప్పుడే ఆయన భుజం మీద కండువా తీసి తలకి కప్పుకున్నాడు. నడక మారిపోయింది, గొంతు మారిపోయింది. నుదుటి మీద బండారి పసుపు మెరుస్తోంది.

"ఇప్పుడు తాళాలోళ్ళు ఇద్దరు ఎనకకు జరుగుతరు."

జరిగారు. అరగంటసేపు కళ్ళకి గంత కట్టుకున్న మనిషి, కళ్ళున్న నాకు ఒగ్గు కథ చెప్పింది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో, చెరువుగట్టు జాతరలో తెల్లవార్లూ కూర్చుని విన్నవాళ్ళకి బొమ్మ ఎందుకూ? కథ అయ్యేసరికి అమ్మ చేతివేళ్ళు మంచం పట్టె మీద డోలు వాయిస్తూనే ఉన్నాయి. పట్నం గోడంత టీవీలో ఒగ్గు కథ ఎవరు పెట్టి ఇస్తారు ఈవిడకి? పెట్టినా, పక్కన ఎవరు కూర్చుని "తరవాతేమైంది అవ్వా?" అంటారు?

అన్నట్టు, ఆ మాట అనే మనిషే అప్పుడొచ్చింది. వెనకింటి పిల్ల, ఇంటర్ చదువుతోంది. సర్వపిండి తెచ్చింది స్టీలు గిన్నెలో. "అవ్వా, కట్టు ఎప్పుడు విప్పుతరు?" అంటూ చనువుగా మంచం మీదెక్కి కూర్చుంది. ఆ పిల్లకీ అమ్మకీ ఉన్న చుట్టరికం టీవీ చుట్టరికమే.

2020లో కరోనాకి బళ్ళన్నీ మూసేశారు కదా. సెప్టెంబర్ 1 నుంచి సర్కారు బడి పిల్లలకి పాఠాలు టీవీలో చెప్పారు, దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ. ఈ పిల్ల ఇంట్లో టీవీ లేదు. వాళ్ళమ్మ కూలికెళుతుంది. సెల్‌ఫోన్ ఒకటే, అది తండ్రి జేబులో ఉంటుంది. నాన్న పోయి ఏడాది కాని ఇల్లు, దిగులుతో అమ్మ తలుపు కూడా తీసేది కాదు. ఒకరోజు పొద్దున కిటికీలోంచి ఎవరో తొంగి చూస్తుంటే ఎవరని అడిగింది. "అవ్వా, ఏడో తరగతి గణితం ఇప్పుడొస్తది. ఇక్కడి నుంచి చూసుకుంట, లోపలికి రాను" అందట మూతికి గుడ్డ కట్టుకున్న పిల్ల. మూడో రోజుకి ముగ్గురు, పదో రోజుకి ఆరుగురు. అమ్మ టీవీని కిటికీ వైపుకి తిప్పించి, వరండాలో చాప వేసింది, దూరం దూరంగా కూర్చోమని సుద్దముక్కతో గీతలు గీసింది. ముందు గీత ఆడపిల్లలదేనట. మగపిల్లలు వెనక.

"మా ఊళ్ళ మమ్ముల ఎనక కూసోబెట్టిండ్రు" అంది అమ్మ ఆ రోజు, అదొక పాత బాకీ లాగా.

టీవీలో పాఠం చెప్పే పంతులుగారు ప్రశ్న అడిగి కాసేపు ఆగేవారట. ఆ ఆగిన కాసేపట్లో ఆరుగురూ ఒక్కసారిగా జవాబు అరిచేవారు. పంతులుగారికి వినబడదని తెలుసు. అయినా అరిచేవారు. అందరికీ అందాయా ఆ పాఠాలు అంటే అందలేదనే చెప్పాలి. కిటికీ దొరకని పిల్లలు బోలెడంత మంది. ఈ పిల్లకి మాత్రం గణితం అంటే భయం పోయింది, ఇంటర్లో ఎంపీసీ తీసుకుంది.

అయిదున్నరకి రైతుల కార్యక్రమం. బత్తాయి కాయ రాలడం గురించి. మా నల్లగొండ వాళ్ళకి బత్తాయి అంటే పంట కాదు, పరువు. అమ్మకి కొంచెం తోట ఉంది, కౌలుకిచ్చింది. ఇక్కడ నాకు నిజంగా పని పడింది. శాస్త్రవేత్తగారు కాయ చేత్తో పట్టుకుని "ఇక్కడ చూడండి" అన్నారు.

"ఎక్కడ?" అంది అమ్మ.

"తొడిమ దగ్గర. గోధుమరంగు మచ్చ. చుట్టూ పసుపు."

"ఎంత మచ్చ?"

"కందిగింజంత."

"ఆకు ముడుచుకున్నదా, సాపుగ ఉన్నదా?"

ఆ పిల్ల నా కంటే బాగా చెబుతోందని నన్ను పక్కకి జరిపేశారు. కార్యక్రమం అవగానే తోట చేసే అతనికి ఫోన్ చేసి, తొడిమ చూడు, మచ్చ చూడు, రేపు కట్టు విప్పినంక నేనే వస్తా అని చెప్పింది. ఆ గొంతు విన్నాక, ఇల్లు అద్దెకిచ్చే మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

ఏడింటికి వార్తలు. వార్తలంటే అమ్మ కాళ్ళు కిందకి దించి కూర్చుంటుంది, ఎవరో పెద్దమనిషి ఇంటికొచ్చినట్టు. ఇది శాంతిస్వరూప్‌గారి వల్ల వచ్చిన అలవాటు. 1983 నవంబర్ 14న తెలుగులో మొట్టమొదటి టీవీ వార్తలు చదివింది ఆయన. ఎదురుగా అక్షరాలు కనబడే యంత్రం లేని రోజుల్లో, కాగితం మీద ఉన్నది మనసులో పెట్టుకుని, మన మొహం చూస్తూ చెప్పేవారు. ఎంత పెద్ద ఘోరమైనా ఆ గొంతులో కేక అయ్యేది కాదు. 2024 ఏప్రిల్ 5న ఆయన పోయారని తెలిసిన రోజు అమ్మ నాకు ఫోన్ చేసి, "మనింటి మనిషి పోయిండు" అంది. ఎవరూ అని కంగారుపడి అడిగాను. పేరు చెప్పాక, నేనూ కాదనలేకపోయాను. పన్నెండేళ్ళపాటు మా ఇంట్లో రాత్రి అన్నం ఆయన నమస్కారం పెట్టాకే వడ్డించేవారు.

ఇప్పుడు చదివేది ఒక చిన్నమ్మాయి. కుదురుగా, తొందర లేకుండా చదివింది. అయిపోయాక నమస్కారం అంది. అమ్మ కట్టుకట్టిన మొహం అటు తిప్పి రెండు చేతులూ జోడించింది. పొద్దుట్నుంచీ ఈ ఇంట్లో అమ్మకి ఎదురుగా నమస్కారం పెట్టినవాళ్ళు ఎంతమందా అని లెక్క వేసుకున్నాను. అనౌన్సరమ్మ, డాక్టరుగారు, ఒగ్గు కథ ఆయన, బత్తాయి శాస్త్రవేత్త, ఈ అమ్మాయి. పొద్దున మేం పెట్టిన సీరియల్‌లో ఒక్కరంటే ఒక్కరు ఈవిడ ఉందని గమనించలేదు. అరవయ్యెనిమిదేళ్ళ మనిషి, కొత్త సబ్బు కొనదు, కొత్త బండి కొనదు, ప్రకటనల వాళ్ళ లెక్కలో లేని మనిషి.

రాత్రి తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. అమ్మే తీసుకుంది. రెండో కన్ను హైదరాబాదులో చేయించుకుందాం, సరే అంది. వాడు సంతోషించాడు. "పది రోజులుంట. పదకొండో రోజు బస్సెక్కియ్యి" అని ఫోన్ నా చేతికిచ్చింది.

పడుకోబోయే ముందు నన్ను పిలిచి, దేవుడి అలమరలో విష్ణు సహస్రనామం పుస్తకం తియ్యమంది. అందులో నాలుగు పోస్టు కార్డులున్నాయి, యాభై పైసలవి.

"రాయి. నువ్వు రచయిత్రివి గదా."

"ఎవరికమ్మా?"

"దూరదర్శన్ కేంద్రం, రామంతాపూర్, హైదరాబాద్. ఇయ్యాల ఒగ్గు కథ మంచిగ ఉండె అని రాయి. నా కన్నుకు కట్టు ఉండె గనుక ఇన్నగాని చూడలె, కట్టు విప్పినంక ఇంకోపారి పెట్టాలె అని రాయి. ఏ రోజు పెడతరో ముందుగాల చెప్పాలె."

ఈమెయిల్ పంపిస్తానన్నాను. వద్దంది. రాశాను. ఆవిడ చెప్పినట్టే, ఒక్క ముక్క నా సొంతం కలపకుండా రాశాను. అడ్రసు దగ్గర కలం ఆపి, జవాబు ఆలస్యంగా వస్తే అప్పటికి నువ్వు తమ్ముడి దగ్గరుంటావేమో, ఆ అడ్రసు కూడా రాయనా అన్నాను.

"ఎందుకు? నల్లగొండదే రాయి" అని అమ్మ దుప్పటి మీదికి లాక్కుని అటు తిరిగి పడుకుంది.